సంత హెడ్

బండి ఇంజిన్‌కి మూతలా కూర్చునే హెడ్లు రెండున్నాయి, వాటిలో ఏది బిగించాలన్న గొడవ ఆ ఇంట్లో వారం రోజులు నడిచింది. ఇంజిన్ కట్టింది దుర్గ, తోలేది తమ్ముడు అమిత్. వాళ్ళది గోపాల్‌పూర్ పక్క పేట. పొద్దున్నే చేపల పెట్టెతో బరంపురం గేట్ బజార్‌కి పరుగెత్తే పాత టూ స్ట్రోక్ బండే ఆదివారం పాత విమానాల రన్‌వే మీద జరిగే పందెంలోనూ పరుగెత్తాలి. బజారుకైతే పాత హెడ్ చాలు. దాని లోపలి గుంట లోతు, ఒత్తిడి తక్కువ, ఏం పోసినా కిమ్మనకుండా తాగుతుంది. కొత్త హెడ్‌ని దుర్గే లేతు మీద అరగదీయించింది. ఒత్తిడి ఎక్కువ, లాగుడు మహా జోరు, కానీ దానికి స్వచ్ఛమైన పెట్రోలే పడాలి. కల్తీ పడితే పిస్టన్ కరిగి సిలిండర్‌కి పట్టేస్తుంది. జోరు మీద పట్టేస్తే వెనక చక్రం బిగుసుకుపోయి, పైనున్నవాడు గాల్లోకి లేస్తాడు. చిట్టిబాబు అలా పడ్డవాడే. ఇప్పుడు కర్ర పట్టుకుని రన్‌వే పక్కన నిలబడి పందేలు చూస్తుంటాడు.

"అది సంత హెడ్డప్పా! దాంతో పందెమేటి?" అని అమిత్ అక్కని వెక్కిరించాడు.

చివరికి దుర్గ కొత్తదే బిగించింది. వాడి పోరు పడలేక కాదు. తన పనితనం నలుగురూ చూడాలని ఆమెకీ లోపల కక్కుర్తిగానే ఉంది. అయినా పాత హెడ్‌ని, దాని కింద పరిచే గ్యాస్కెట్‌ని గోనెసంచిలో వేసుకునే పందేనికి వచ్చింది.

పెట్రోల్లో మందులు కలపకుండా పందెంవాళ్ళు ప్రతి బండి టాంకీ మూతకీ తీగ చుట్టి ముద్ర వేశారు. "సీల్ భాంగిలే బాహార్" అని ఒడియాలో హెచ్చరించారు. ముద్ర తెగిందా, పందెంలోంచి గెంటేస్తారు. హెడ్ విప్పుకో, చక్రం మార్చుకో, అది వాళ్ళకి పట్టదు.

దుర్గ కిక్కు కొట్టి ఇంజిన్ వేడెక్కించింది. తెల్లటి పొగ చిక్కగా వచ్చింది. కాస్త గట్టిగా రేజ్ చేసేసరికి లోపల గులకరాళ్ళు కొట్టుకుంటున్నట్టు టకటకమంది. కిరసనాయిలు కంపు ముక్కుకి తగిలింది.

బండి ఆపి తల్లి వైపు చూసింది. దానమ్మ టార్పాలిన్ నీడలో కూర్చుని, కొడుకు పందెం కోసం మెడ సాచి చూస్తోంది. దుర్గకి అంతా అర్థమైపోయింది. తండ్రి దాలయ్య వేట నుంచి తిరిగొస్తూ, ఒడ్డు కనబడే దూరంలో పెట్రోలు అయిపోయి, కెరటాల్లో పడవ బోల్తాపడి పోయాడు. అప్పటి నుంచి ఆ గడప ముందు ఏ టాంకీ వెలితిగా కదలదు. దానమ్మ పడవ డబ్బా ఎత్తి నిండుగా పోసి, మూత మీద తట్టి మరీ పంపుతుంది. పడవ డబ్బాలో ఉండేది సగం కిరసనాయిలే. సంత హెడ్ రోజూ అది తాగి ఊరుకుంది కాబట్టి దుర్గ ఆ సంగతే మరిచిపోయింది. ఇంజిన్లో నట్టు నట్టూ ఎరిగిన మనిషి, ఇంట్లో అమ్మని లెక్కలోకి తీసుకోలేదు. తనని తాను చెంపదెబ్బ కొట్టుకోవాలనిపించింది.

పోనీ, చెప్పేస్తే? అమిత్ నోటికి గేటు లేదు. అక్కడికక్కడే తల్లిని పట్టుకుని, చంపబోయావని అరుస్తాడు. మొగుడు పోయిన భయంతో చేసిన పనే కొడుకు మీదికి వచ్చిందని తెలిస్తే ఆ మనిషి మళ్ళీ తేరుకోదు. ముద్ర పడ్డ టాంకీలో పెట్రోలు మార్చే దారీ లేదు. దుర్గ గోనెసంచి దగ్గరికి లాక్కుని స్పానర్ తీసింది.

అమిత్ పరుగెత్తుకొచ్చాడు. "ఏటి సేస్తన్నావు?"

"హెడ్ మారుస్తన్నాను."

"పిచ్చెక్కిందేటి? తరవాత మన పందెమే. ఛత్రపూర్ మనీష్ బండి సూసినావా? సంత హెడ్డుతో వాడి దుమ్ము కూడా కనబడదు!"

"కొత్తది వద్దు."

"ఎందుకో సెప్పు."

తల్లి ఇటే చూస్తోంది. "బయమేసింది. నువ్వు పడిపోతావని బయం," అంది దుర్గ. అందులో అబద్ధమేమీ లేదు.

"నీకు బయమేస్తే నా పరువు తీస్తావా? అది పెడితే నాను ఎక్కను."

"ఎక్కకు. అదీ మంచిదే."

ఇంజిన్ కాలుతోంది. వేళ్ళు చుర్రుమంటున్నా ఆమె ఆపలేదు. నట్లు ఒక్కొక్కటీ ఎదురెదురుగా బిగిస్తుండగా మైకులో అమిత్ పేరు పిలిచారు. వాడు గోనెసంచిని ఒక్క తన్ను తన్ని, అక్క ముఖం చూడకుండా బండెక్కాడు.

జెండా దిగింది. దుర్గకి మనీష్ కనబడలేదు, జనం కనబడలేదు. వెనక చక్రం ఒక్కటే కనబడింది. సగం దూరంలో ఇంజిన్ గొంతు కాస్త మారేసరికి ఆమె ఊపిరి బిగబట్టి, తిరుగు, తిరుగు అని ఆ చక్రాన్నే బతిమాలుకుంది. చక్రం తిరుగుతూనే గీత దాటింది. మనీష్ ఎప్పుడో దాటేశాడు. జనం గొల్లున నవ్వారు.

చిట్టిబాబు కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. "ఏటే బుల్లీ, ఇంజిన్ కట్టడం నీకు రాదా, నేపోతే కొత్త హెడ్డు వట్టి డొల్లా?"

"నా లెక్క తప్పింది, బాబన్నా," అంది దుర్గ.

అమిత్ బండి తోసుకొచ్చి విసురుగా స్టాండు వేశాడు. దానమ్మ ఎదురెళ్ళి టాంకీ మూత మీద ప్రేమగా తట్టింది.

"ఓడితే ఓడినావు నాయినా. సేమంగా వచ్చినావు, అది సాలు. పొద్దున్న మీరు నెగకముందే పడవ డబ్బాతో నానే నింపీసినాను. మీ అయ్యకి పట్టిన గతి నీకు పట్టకూడదని."

అమిత్ బండి వైపు తిరిగాడు. వంగి మూత దగ్గర వాసన చూశాడు. లేచి, గోనెసంచిలోంచి జారిపడ్డ కొత్త హెడ్ వంకా, అక్క చేతి మీద ఎర్రగా పొంగిన బొబ్బల వంకా చూశాడు. తల్లి వైపు తిరిగి ఏదో అనబోయాడు. దుర్గ వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"అవునే అమ్మా," అన్నాడు మెల్లగా. "నువ్వు నింపబట్టే వచ్చినాను."

తరవాత చిట్టిబాబు వైపు తిరిగి, చుట్టూ ఉన్న జనానికి వినబడేలా అన్నాడు. "మా అప్ప లెక్క తప్పనేదు, బాబన్నా. ఇంజిన్ బంగారం. నాకే తోలడం రానేదు."