మూత తీయని సీసాలు

అంతున్ శవం ఇంకా ఇంట్లో ఉండగానే, పాదిరీ కంటే ముందు కూల్‌డ్రింకు లారీ వచ్చింది.

అర్నుల్ఫో దొర దిగాడు. కొండ కింది ఫ్యాక్టరీ సరుకును చియాపాస్ కొండల్లోని ఈ ఊళ్లన్నిటికీ తోలే ఏజెంటు ఆయనే, ఫ్యాక్టరీ మాట మోసుకొచ్చేదీ ఆయనే. టోపీ తీసి గుండెకు ఆనించుకుని, అంతున్ భార్య పష్కు ముందు సీసాల పెట్టెలు దించించాడు.

పష్కు భర్త వంక చూసింది. దుప్పటి కింద ఒక్కటే కాలు. చక్కెర జబ్బు ముందు వేలు తిన్నది, తర్వాత పాదం, తర్వాత మోకాలు, చివరికి మనిషిని. ఊరి ఊట ఎండినప్పటి నుంచీ అంతున్ పొలానికి మొక్కజొన్న అంబలి మానేసి సీసా, చిప్స్ పొట్లం పట్టుకెళ్లేవాడు. అంబలికి నీళ్లు కావాలి. నీళ్లేమో ఫ్యాక్టరీ బోరులోకి పోయాయి. ఆ నీళ్లే చక్కెర కలుపుకుని, మూత పెట్టుకుని అమ్మకానికి తిరిగొచ్చాయి. ఇదీ దొరల అభివృద్ధి!

ఆ ఊళ్లో తగువు తీరాలంటే తప్పు చేసినవాడు సీసాలు తెచ్చి పెడతాడు. అవతలివాళ్లు మూత తీసి తాగారంటే తగువు చచ్చిపోయినట్టే, ఇక ఆ మాట ఎత్తకూడదు. పూర్వం సారా ఇచ్చేవాళ్లు. తర్వాత ఆ చోట కూల్‌డ్రింకు వచ్చి కూర్చుంది. మొదటి బోరు వేసిన రోజునా అర్నుల్ఫో ఇలాగే పెట్టెలు దించాడు. పండగ అనుకుని ఊరంతా తాగింది, పసిపిల్లల పాలసీసాల్లోనూ పోసింది. ఊట ఎండాక అడగబోతే "తాగారుగా?" అన్నాడు. ఊరి నోరు పడిపోయింది.

"తీసుకో తల్లీ, మీ ఆచారమేగా," అన్నాడు అర్నుల్ఫో. "అందరూ తలా ఒకటి తాగండి. రెండో బోరు సంగతి నింపాదిగా మాట్లాడుకుందాం."

"రెండో బోరా?" వాకిట్లో జనం ఉలిక్కిపడ్డారు.

ఊరిపెద్ద మికెల్ లేచాడు. ఆయనకూ చక్కెర జబ్బే, చూపు మసకబారింది. అలవాటుగా సీసా అందుకున్నాడు.

"శవం దగ్గర గొడవెందుకే అమ్మాయ్? పెట్టింది తోసేస్తే మర్యాద కాదు. తాతల నాటి పద్ధతి."

పష్కుకు ఒళ్లు మండిపోయింది. "ఏ తాతల నాటిది మావా? మీ తాత ఫ్యాక్టరీలో పుట్టాడా? నా మొగుడి కాలు తిన్నదాన్ని ఆయన శవం ముందే తాగమంటావా?"

"వాడు నోరు కట్టుకోలేదు," గొణిగాడు అర్నుల్ఫో. "నీళ్లు బాగా తాగమని ఆస్పత్రిలో చెప్పలేదూ?"

ఒక ముసలమ్మ పకపకా నవ్వింది. ఏడుపు లాంటి నవ్వు. "ఏ నీళ్లు దొరా? చూపించు, తాగుతాం!"

"పగలగొట్టండ్రా!" కుర్రాళ్లు పెట్టెల మీదికి దూకారు.

"ఆగండ్రా!" పష్కు అడ్డం పడింది. "పగలగొడితే రౌడీలంటారు. తాగితే బానిసలం. మూత తీయొద్దు. వాళ్ల గుమ్మంలోనే దించొద్దాం. తగువు చావలేదని తెలియాలి వాళ్లకి."

అలా తిప్పి పంపడం ఆ కొండల్లో ఎవరూ ఎరగరు. అలా చేస్తే బతికినంత కాలం పగే.

"ఈ వయసులో పగ పెట్టుకోమంటావటే?" అన్నాడు మికెల్.

"పగ వాళ్లు ఎప్పుడో పెట్టుకున్నారు మావా. మనకే తెలీలేదు."

ముసలాయన గొంతు తడారిపోతోంది. చేతిలో సీసా చల్లగా ఉంది, మనసు లాగుతోంది. అంత సిగ్గు ఆయన ఎన్నడూ పడలేదు. సీసాను పెట్టెలో పెట్టేసి, "ఎత్తండి," అన్నాడు.

అంతున్‌ను మట్టి చేశాక జనం ఇళ్లకు పోలేదు. కట్టెలు మోసినట్టే నుదుటికి తాడు వేసుకుని, పెట్టెలు వీపున ఎత్తుకుని కొండ దిగారు. ఆడవాళ్లే ముందు నడిచారు. ఫ్యాక్టరీ గేటుకు అడ్డంగా పెట్టెల గోడ లేచింది. సరుకు లారీలు లోపలే ఆగిపోయాయి.

పోలీసులొచ్చారు. "ఎవరే దీనికంతటికీ పెద్ద?"

"నేనే," అంది పష్కు.

జుట్టు పట్టి జీపులోకి తోశారు. మికెల్ తడుముకుంటూ వెళ్లి ఆమె నిలబడ్డ చోట నిలబడ్డాడు.

"ఒక్క ఊరేగా. సాయంత్రానికి అలిసిపోతారు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

పష్కు జీపులోంచి కొండ వంక చూసింది. పక్క ఊరి ఆడవాళ్లు బారులు తీరి దిగుతున్నారు. రెండో బోరు కోసం పొద్దున అర్నుల్ఫో వాళ్ల ఊళ్లోనూ పెట్టెలు దించాడు. అవి ఇప్పుడు వాళ్ల వీపుల మీద ఉన్నాయి. ఒక్క సీసాకూ మూత తీయలేదు.