పసుపు పట్టీ

మా నీటి సరఫరా ఆఫీసులో ఏ ఉత్తర్వూ కాగితం మీద రాదు, ఫైలుగా వస్తుంది. తెరవగానే పైన పసుపు పట్టీ ఒకటి కనిపించి, ఇది ప్రమాదం కావచ్చు జాగ్రత్త అని మొత్తుకుంటుంది. పక్కనే 'అనుమతించు' అనే బటన్. అది నొక్కితేనే మన పేరు మేనేజరుగారి జాబితాలో 'అందింది' అని ఎక్కుతుంది. నొక్కనివాళ్లకు మెమో. అందినట్టు ఎక్కనంతవరకు ఏ ఉత్తర్వూ చెల్లదని నిబంధన రాసింది కూడా ఆయనే. ఈ ఏర్పాటు చేసిపెట్టింది ఆయన బావమరిది కాబట్టి, దానికి వంక పెట్టినవాళ్లు లేరు.

నేను పెట్టాను. ఆఫీసు కంప్యూటర్లు చూసుకోవడమే నా పని మరి.

"సార్, దొంగలు పంపే ఫైళ్లు కూడా ఇదే బటన్ నొక్కమంటాయి. మనమే అందరికీ అలవాటు చేస్తున్నాం. పైగా మీ బ్రౌజర్ అప్‌డేట్ చేసి ఏడాదైంది. దాన్నిండా కన్నాలే."

"అప్‌డేట్ చేస్తే మూసి తెరవాలిగా? నేను తెరిచిపెట్టుకున్న డెబ్బై పేజీలు ఏమైపోవాలి?" అన్నారాయన. అందులో సగం నడుము నొప్పికి చిట్కాలే. "చూడమ్మా, భద్రత నీ బాధ్యత. ఏమన్నా జరిగితే నీ ఉద్యోగం ఊడుతుంది."

మా ఆయన పనిచేసే ప్రెస్సు మూతపడ్డాక ఇంట్లో ఉద్యోగమున్నది నాకొక్కదానికే. నోరు మూసుకుని వచ్చి కూర్చున్నాను.

వారం తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది: 'పసుపు పట్టీ ఉన్న ఫైళ్లలో ఏదీ నొక్కకండి.' అది చదవాలన్నా 'అనుమతించు' నొక్కాల్సిందే. నొక్కాను. ఒళ్లు మండింది.

తర్వాతి సోమవారం టైపిస్టు అక్క ఫోన్ చేసింది.

"ఏమ్మా, సెలవుల కోత అని సార్ పేరుతో ఫైలొచ్చింది. చిరునామా చూస్తే ఆయనది కానట్టుంది. నొక్కనా?"

"వద్దక్కా!"

"అయ్యో, నొక్కేశానే. పోయినసారి మెమో ఇచ్చారు కదా, భయమేసింది."

నేను పరిగెత్తేసరికి అంతస్తంతా నొక్కేసింది. మేనేజరుగారైతే తాను పంపని ఉత్తర్వు తనకు అందినట్టు తానే నొక్కి కూర్చున్నారు. అరగంటలో కంప్యూటర్లలోని మీటర్ల లెక్కలు, ఫిర్యాదులు అన్నిటికీ దొంగల తాళాలు పడ్డాయి. నేను విడిగా దాచిన నకళ్ల నుంచి అన్నీ తిరిగి ఎక్కించడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల్లోనే విచారణ కూడా ముగిసి, తప్పు నాదని తేలిపోయింది.

ఐదో రోజు పొద్దున నాకొక ఫైలు వచ్చింది. పేరు 'తొలగింపు ఉత్తర్వు'. తెరిచాను. పసుపు పట్టీ. ఏడుపొచ్చింది. అలవాటుగా వేలు బటన్ మీదికి వెళ్లింది కూడా. అక్కడే ఆగి, ఫైలు మూసేశాను.

మధ్యాహ్నం మేనేజరుగారు నా కుర్చీ దగ్గరికే వచ్చారు.

"ఉత్తర్వు అందిందా?"

"లేదు సార్. పసుపు పట్టీ ఉంది. నొక్కొద్దని మీరే సర్క్యులర్ పంపారు."

"అది నేను పంపిందేనమ్మా!"

"పోయినసారి కూడా మీ పేరే ఉంది సార్."

ఆయన మొహం కందగడ్డయింది. కాగితం మీద ఇద్దామంటే ఆయన నిబంధనే ఒప్పుకోదు. బావమరిదిని అడిగొస్తానని వెళ్లారు.

ఇది జరిగి ఎనిమిది నెలలైంది. రోజూ ఆఫీసుకు వెళ్తున్నాను. బటన్ నొక్కనందుకు ఇప్పటికి నాకు పదకొండు మెమోలు ఇచ్చారట. అవీ ఫైళ్లే.