మూడో గెలాక్సీ

ఏడాదిపాటు మా వంటింట్లో గరుకు పొడి వేసి గాజుబిళ్ళ మీద గాజుబిళ్ళ పెట్టి రుద్దింది నేను. అది టెలిస్కోపు అద్దం అవుతుందని నమ్మిందీ నేనొక్కదాన్నే. "ఆ రుద్దుడేదో సంగటి గిన్నెల మీద సూపిచ్చి ఉంటే తళతళలాడతా ఉండేవి" అని మా ఆయన శరత్ బాబు మదనపల్లె అంతా చెప్పుకుని నవ్వాడు. బళ్ళో సైన్సు చెప్పేదాన్ని, నాకు రోషం ఉండదా?

అందుకే ఏప్రిల్‌లో వెన్నెల లేని ఒక సాయంత్రం నిమ్మనపల్లె దగ్గర, మాకు పాలు పోసే లక్ష్మీపతి చేనికి పోయాం. సింహరాశిలో బాగా వెలిగే దీర్ఘవృత్తాకార గెలాక్సీ ఒకటుంది. దాని పక్కనే ఒక తోడు, ఇంకాస్త అవతల మరీ మసకగా ఇంకొకటి. ఆ మూడోది కనిపిస్తే నా అద్దం నిగ్గుతేలినట్టు. లేకపోతే మళ్ళీ మొదటినుంచి రుద్దుకోవాలి.

పెద్దది వెంటనే దొరికింది. తోడూ దొరికింది. మూడోది లేదు. ఫోనులో నక్షత్రాల పటం చూడటం, టెలిస్కోపులో కన్ను పెట్టడం, మళ్ళీ పటం చూడటం. శరత్ బాబూ అంతే.

"రెండే ఉండాయి శైలూ. పోదాం పా, ఆకలేస్తాంది."

ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది.

టెలిస్కోపు విప్పబోతుంటే కారు దగ్గర కూర్చున్న మా అత్త లిల్లీ లేచింది. ప్రార్థన చెయ్యకుండా ఆమె బండి కదలనివ్వదు. "ఫోన్లు లోపల పెట్టి కండ్లు మూసుకోండి" అంది. మా అత్త ప్రార్థన సంగతి సంఘంలో అందరికీ తెలుసు, ఆమెన్ అనేలోపు అన్నం చల్లారిపోతుంది. ఆసుపత్రిలో పడుకున్నవాళ్ళు, పరీక్షలు రాసిన పిల్లలు, లక్ష్మీపతి బోరు, రాని వాన, అందరూ వరసగా వచ్చారు. చివరికి "ప్రభువా, నా కోడలు రుద్దిన అద్దాన్ని ఆశీర్వదించు" అంది. నేను ఉక్రోషంతో కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడ్డాను.

ఆమెన్ అయ్యాక, విప్పేముందు ఒక్కసారి చూద్దామని కన్ను పెట్టాను. పెద్దది, తోడు, ఆ పక్కన ఊదితే పోయేలా మూడోది! అప్పుడు గుర్తొచ్చింది, పిల్లలకు నేనే చెప్పే పాఠం. చీకటికి అలవాటు పడితేగాని కళ్ళు మసక వెలుగును పట్టుకోలేవు. మధ్యలో ఫోను వెలుగు పడిందా, మళ్ళీ మొదటికే.

అయినా ఆశపడ్డ కంటికి ఏదైనా కనిపిస్తుంది. నన్ను నేను నమ్మలేదు. ఏమీ చెప్పకుండా అత్తను పిలిచాను.

"ఏం కనపడతాండాది అత్తా?"

చాలాసేపు చూసింది. "పొయ్యిరాళ్ళ మాదిరి మూడు ఉండాయి కదమ్మా. ఈ కొసన ఉండేది బో మసగ్గా ఉండాది."

ఆమెను పట్టుకుని గంతులేశాను. శరత్ బాబు గబగబా వచ్చి కన్ను పెట్టాడు. ఎంతకీ తియ్యడు.

"నాకు రెండే కనపడతాండాయమ్మా."

అత్త నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఏంరా, ప్రార్థనలో ఫోను సూస్తా ఉంటివా?"