ఫ్యాన్ తిరిగేలోపు

నా ఉద్యోగం మా పడగ్గది గోడ బీరువాలో. నవ్వకండి. కింది రెండు అరలూ ఊడదీసి, మూడు వైపులా దుప్పట్లు వేలాడదీసి, పీట వేసుకుని కూర్చుంటే వీధి చప్పుడు లోపలికి రాదు. నా ముందు మైకు, ఒళ్లో పుస్తకం, బీరువా తలుపు అవతల చిన్న బల్ల మీద లాప్‌టాప్. నేను పుస్తకాలు చదివి రికార్డు చేస్తాను. బస్సుల్లో వెళ్తూనో, ఇంటిపని చేసుకుంటూనో జనం వాటిని చెవుల్లో పెట్టుకుని వింటారు.

ఆ లాప్‌టాప్ ముసలిది. కాసేపు పని చేయగానే వేడెక్కుతుంది, వేడెక్కగానే లోపలి ఫ్యాన్ లేస్తుంది. లేచిందంటే బీరువా తలుపు కాదు కదా, ఇనప్పెట్టె కూడా ఆ మోతని ఆపలేదు. పొడుగు వైరు వేసి దాన్ని హాల్లో పెట్టి చూశాను, ఈసారి వైరే గుయ్యిమంది. అందుకని నాకో పద్ధతి అలవాటైంది. మొదలుపెట్టగానే ఫ్యాన్ తిరిగేలోపు ఎంత చదవగలిగితే అంత చదివేయడం. అది గొంతు సవరించుకుంటున్నట్టు అనిపించగానే ఆపేసి, బయటికొచ్చి, దాని అడుగున గాలి ఆడేలా రెండు చేతులా ఎత్తి పట్టుకుని నిలబడటం. చల్లబడ్డాక మళ్లీ లోపలికి. అలా రోజంతా బీరువాలోకీ బయటికీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటాను.

ఇలా చదివినవన్నీ ఏమిటనుకున్నారు? పోటీ పరీక్షల గైడ్లు. బరువు తగ్గే చిట్కాలు. ఇంటి మొక్కల పెంపకం. కథలు, నవలలు మాత్రం నా దాకా వచ్చేవి కావు. మంచి పరికరాలు ఉన్నవాళ్లకే అవి ఇస్తారని నా గట్టి నమ్మకం. నా ముసలి లాప్‌టాప్‌ని తిట్టుకుంటూ, ప్రశ్న నలభై రెండు, జవాబు సి అని చదువుకుంటూ ఉండేదాన్ని.

అలాంటిది ఓ రోజు స్టూడియో మేడమ్ ఫోన్ చేసి, "పెద్ద నవల ఒకటుందండీ. ఏడాది పని. మొదటి అధ్యాయం చదివి పంపుతారా? నలుగురైదుగుర్ని అడుగుతున్నాం," అంది. నా కాళ్లు నేల మీద నిలవలేదు. ఆ అధ్యాయంలో ఏమీ జరగదు. ఒకావిడ ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంటుంది. లోపల ఆవిడ కొడుకు. డాక్టరు బయటికొచ్చి ఏం చెబుతాడో అని ఆవిడ చూస్తూ ఉంటుంది. తలుపు తెరుచుకోదు, అధ్యాయం అయిపోతుంది. మొదటిసారి చదివినప్పుడు నాకు ఏడుపొచ్చింది. ఇది నేనే చదవాలి, ఇంకెవరికీ దక్కకూడదు అనుకున్నాను. చదివి పంపాను.

సోమవారం జవాబు వచ్చింది. "కాస్త శబ్దం ఉన్నట్టుందండీ. వీలైతే శుక్రవారం లోపు ఇంకోసారి పంపండి."

శబ్దం! నేను ఒంటికాలి మీద లేచాను.

"ఇక లాభం లేదు. కొత్త లాప్‌టాప్ కొనాల్సిందే. ఇవాళే," అన్నాను మా ఆయనతో.

మా ఆయన కళ్లజోళ్ల షాపులో కళ్లు పరీక్ష చేస్తారు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఎదురుగా కూర్చున్నవాళ్ల కళ్లకి అద్దాలు మార్చి మార్చి పెడుతూ, "ఇది బాగుందా, అది బాగుందా? సరిగ్గా చూసి చెప్పండి, తొందరేం లేదు," అంటుంటారు. ఇంటికొచ్చినా అంతే. దుప్పటి కొనడానికి కూడా మూడు షాపులు, పది ఫోటోలు. లాప్‌టాప్ సంగతి సరేసరి, ఏడాదిగా నానుతూనే ఉంది.

"కొందాం. కాకపోతే అసలు ఫ్యానే లేని మోడల్ రాబోతోందట. ఇంకో రెండు నెలలు ఆగితే..."

"రెండు నెలలు ఆగితే నవల ఇంకొకళ్లు చదివేస్తారు."

"ఇప్పుడు కొన్నాక కూడా..." అని ఆయన ఏదో అనబోయి నీళ్లు నమిలారు. "కొన్నాక మనసు బాధపడకూడదు కదా అని."

"నా మనసు సంగతి నేను చూసుకుంటాను. మీరు పర్సు తీసుకురండి చాలు."

మంగళవారం సాయంత్రం షాపుకెళ్లాం. అక్కడ నా అవతారం చూడాలి. వరసగా తెరిచి పెట్టిన లాప్‌టాప్‌ల మీదికి వంగి, ఒక్కోదాని వీపుకీ చెవి ఆనించి వింటున్నాను. పక్కన టీవీల్లో పాటలు, నెత్తిన ఏసీ హోరు. ఏం వినిపిస్తుంది, నా బొంద! అమ్మే కుర్రాడు కాసేపు గుడ్లప్పగించి చూసి, "మేడమ్, దానికి ఒంట్లో బాగానే ఉందండీ," అన్నాడు.

"ఆ ఏసీ ఒక్క నిమిషం ఆపుతావా బాబూ?"

"ఏసీ ఆపితే మా మేనేజర్ నన్ను ఆపేస్తాడండీ."

వాటిల్లో ఒకటి నాకు నచ్చింది. ఫ్యాన్ ఎప్పుడో గానీ తిరగదన్నాడు కుర్రాడు. "ఎప్పుడో అంటే ఎప్పుడు?" అని అడిగారు మా ఆయన. ఇక మొదలు. దాని పక్కదెలా ఉంటుంది, దీనికీ దానికీ తేడా ఏమిటి, పాతది ఇచ్చేస్తే తీసుకుంటారా, కొత్తవి ఎప్పుడొస్తాయి. కుర్రాడి తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి ఈయన గడ్డం నిమురుకుని, "ఆలోచించుకుని వస్తాం," అన్నారు. ఉత్త చేతులతో బయటపడ్డాం. దారంతా నేను నాలుగడుగులు ముందు నడిచాను. మాట్లాడితే వీధిలోనే అరిచేస్తానని భయం.

బుధవారం అంతా నాకు ముళ్ల మీద కూర్చున్నట్టే గడిచింది. కూర తరుగుతుంటే శుక్రవారం, బట్టలారేస్తుంటే శుక్రవారం. ఇవాళే వెళ్లి నేనే కొనేద్దామా? కొన్న మర్నాడే ఆ ఫ్యాన్ లేనిది వచ్చి కూర్చుంటే? పోనీ ఆగుదామా? ఆగితే నవల? ఫోన్‌లో ఆ షాపు పేజీ తెరవడం, మూయడం, మళ్లీ తెరవడం. మా అత్తగారు చూసి చూసి, "ఆ ఫోన్‌కి నొప్పి పుడుతుందే అమ్మాయ్, కాస్త వదులు," అన్నారు. ఆవిడకి చూపు మందగించాక పుస్తకం పట్టడం మానేశారు. వినడమే. నా గొంతు మాత్రం వినరు. "నీ గైడ్లు వింటే నాకు ఉద్యోగం ఇచ్చేస్తారేమోనని భయం," అంటారు.

గురువారం మా అక్క గుర్తొచ్చింది. దాని ఆఫీసువాళ్లు ఇచ్చిన లాప్‌టాప్‌కి ఫ్యాన్ అసలు లేదు. ఒక్క పూట ఇవ్వమని కాళ్లావేళ్లా పడితే, "దీంట్లో మా లెక్కలన్నీ ఉన్నాయి, నువ్వు రికార్డింగ్ తప్ప ఇంకేదీ ముట్టుకోకు," అని వంద జాగ్రత్తలు చెప్పి ఇచ్చింది. దాన్ని బల్ల మీద పెట్టి, బీరువాలో దూరి, తలుపేసుకున్నాను. నిశ్శబ్దం. ఎన్నేళ్లయిందో ఆ బీరువాలో అంత నిశ్శబ్దం విని. ఎత్తి పట్టుకునే పని లేదు, ఆపే పని లేదు. అధ్యాయం మొత్తం ఏకబిగిన చదివేశాను. బయటికొచ్చేసరికి సంతోషంతో చెమటలు పట్టాయి.

శబ్దం వెతకడానికి నా చెవులు నాకే చాలవని, అత్తగారి పక్కన కూర్చుని పెట్టాను. ఆవిడ కళ్లు మూసుకుని చివరిదాకా విన్నారు.

"ఎలా ఉందత్తయ్యా?"

"బాగుంది. పొయ్యి మీద పాలు పెట్టొచ్చావా?"

"లేదే! ఎందుకు?"

"ఏం లేదు. అలా చదివావు."

నాకు చర్రున కోపమొచ్చింది. నాలుగు మాటలు అందామని నోరు తెరిచి, ఎందుకో మళ్లీ మొదట్నుంచి పెట్టాను. ఈసారి శబ్దం కోసం కాదు, ఆ బెంచీ మీద కూర్చున్నావిడ కోసం విన్నాను. ఆవిడ లేదు. తలుపు వైపు చూస్తూ కూర్చుంది అనే మాటని నేను బస్సు కదిలిపోతున్నట్టు చదివాను. వాక్యం వెనక వాక్యం తరుముకొస్తోంది. పైగా నాలుగు వాక్యాలకోసారి ఆగాను. అర్థం అక్కడ ఆగమనలేదు, కామా లేదు, ఏమీ లేదు. పాత లాప్‌టాప్‌లో ఫ్యాన్ లేచే చోటు అది. ఫ్యాన్ లేని మిషన్ ముందు కూర్చుని కూడా నేను ఫ్యాన్‌కి భయపడుతూ చదివాను.

ఆ సాయంత్రం అక్క లాప్‌టాప్ అక్కకి ఇచ్చేశాను. "అప్పుడే అయిపోయిందా?" అంది. అయిపోయిందన్నాను. ఇంటికొచ్చాక నాకు ఏ పనీ చేతకాలేదు. సిగ్గేసింది, భయమేసింది. లాప్‌టాప్ అయితే షాపులో దొరుకుతుంది. ఇది ఎక్కడ మారుస్తారు?

శుక్రవారం పొద్దున్న బీరువా ముందు కుర్చీ వేసి అత్తగారిని కూర్చోబెట్టాను.

"నేను చదువుతుంటే మీరు వినండి. పాలు గుర్తొస్తే చెయ్యెత్తండి."

"నీ పని చెడగొట్టినట్టవుతుందేమోనే."

"చెడగొట్టండి. దానికే పిలిచాను."

తలుపు తెరిచే ఉంచాను, ఆవిడ మొహం కనిపించేలా. మొదటి పేజీలోనే ఆవిడ నాలుగుసార్లు చెయ్యెత్తారు. మళ్లీ మొదలుపెట్టాను. మూడోసారో నాలుగోసారో ఫ్యాన్ లేచింది. నా నాలుక ఒక్కసారి తడబడింది, కాళ్లు వాటంతటవే లేవబోయాయి. ఎదురుగా అత్తగారు కదల్లేదు. ఆవిడ మెడ కాస్త ముందుకు సాగి ఉంది, బెంచీ మీదావిడతో పాటు ఆవిడ కూడా ఆ తలుపు వైపే చూస్తున్నారు. ఆవిడని అక్కడ వదిలేసి లాప్‌టాప్ ఎత్తి పట్టుకోవడానికి నాకు మనసొప్పలేదు. ఫ్యాన్ మానాన ఫ్యాన్ హోరుమంది, నా మానాన నేను చదివాను. నర్సు వచ్చి వెళ్లింది. బెంచీ మీదావిడ కొంగు సర్దుకుంది. తలుపు తెరుచుకోలేదు. చదవడం అయ్యాక అత్తగారు చాలాసేపు లేవలేదు.

హోరుతో సహా పంపేశాను. ఇంకేం చేయను? గడువు అదే, ఉన్న మిషన్ అదే.

నాలుగు దాటాక స్టూడియో మేడమ్ ఫోన్ చేసింది. మా ఆయన ఆ రోజు సగం పూట సెలవు పెట్టి వచ్చి, గుమ్మంలో చెప్పులు విప్పుతున్నారు.

"విన్నామండీ. ఈసారి శబ్దం నిజంగానే ఉంది," అంది మేడమ్.

"ఈసారి అంటే? మొదటిదాంట్లో?"

"మొదటిదాంట్లో ఏ శబ్దమూ లేదండీ. మీరు పంపేవి ఎప్పుడూ శుభ్రంగానే ఉంటాయి. చదివింది బాగాలేదని మొహం మీద ఎలా చెబుతాం? మా దగ్గర అందరం శబ్దం ఉందనే అంటాం. అలా అంటే ఎవరికీ నొప్పి ఉండదు. మీ హడావిడి గైడ్లకి సరిపోయేది, అందుకే అవే పంపేవాళ్లం. ఇవాళ్టిది విని మా ఆఫీసులో ఒకావిడ బయటికి వెళ్లిపోయిందండీ, కళ్లు తుడుచుకోవడానికి. నవల మీదే. శబ్దం సంగతి మాత్రం చూసుకోండి."

ఫోన్ పెట్టేశాను. నవల నాది. గంతులేయాల్సిన మాట. నేను మాత్రం మంచం మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాను. ఇన్నేళ్లు! ఇన్నేళ్లు ఆ ఫ్యాన్‌ని తిట్టుకుంటూ బతికాను, ఒక్కళ్లు, ఒక్కళ్లంటే ఒక్కళ్లు చెప్పలేదు.

మా ఆయన వచ్చి పక్కన కూర్చున్నారు. జరిగింది చెప్పాను. ఆశ్చర్యపోతారనుకున్నాను. పోలేదు. చేతిలో బస్సు టికెట్టుని మడత పెడుతూ విప్పుతూ ఉన్నారు.

"మీకు తెలుసా?" అన్నాను.

"మొన్న నువ్వు పంపింది మా షాపులో హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. ఎంత వెతికినా చప్పుడు దొరకలేదు." ఆయన నా వైపు చూడలేదు. "అంతకుముందు కూడా, నువ్వలా పరుగెత్తినట్టు చదువుతుంటే... చెబుదామనే అనుకునేవాణ్ని. నువ్వేమో అంతా ఆ లాప్‌టాప్ వల్లే అనేదానివి. కొత్తది కొన్నాక కూడా నవలలు రాకపోతే అప్పుడు నిన్ను నువ్వు ఏమని తిట్టుకుంటావో అని... ఆ పాతది ఇంట్లో ఉన్నంతకాలం నీకు అనుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది కదా. అందుకే ఆగుదాం, ఆగుదాం అన్నాను."

నాకు కోపం రావాలి. వచ్చింది. ఏడాది పాటు మోడళ్లు, రేట్లు, రెండు నెలలు అంటూ ఈయన చెప్పిన కబుర్లన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చి, ఆ చెయ్యి పట్టుకుని గట్టిగా గిల్లాను. అబ్బా అన్నారు. వదల్లేదు. ఈ మనిషికి ఎంచుకోవడం రాదని అందరి ముందూ వెక్కిరించాను. ఎంచుకునే ఉన్నాడు, రోజూ, నాకు తెలియకుండా.

"ఇంకోసారి నా మంచి కోసం నోరు మూసుకుంటే ఊరుకోను," అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

"సరే."

"ఇప్పుడు చెప్పండి. కొందామా, ఆగుదామా?"

ఆయన వెంటనే లేచి చెప్పుల కోసం చూశారు.