పెద్దమ్మ మాత్రలు

మా అమ్మ అంకాలమ్మకు ఒక ప్రశ్న పుట్టిందంటే అది తేలేదాకా ఎదుటి మనిషిని కదలనివ్వదు. పుల్లలచెరువు దగ్గర మా ఊరికి వచ్చే గొర్రెల డాక్టరు ఆమె కనబడితే సూది వేసి గబగబా బండెక్కేవాడు. అలాంటి మనిషి, రొమ్ములో గడ్డకు ఆపరేషన్ చేయించుకుని, జుట్టు ఊడగొట్టే మందులన్నీ ఎక్కించుకుని, చివరికి మిగిలిన ఒక్క మందు దగ్గరికొచ్చేసరికి ఎవరినీ ఏమీ అడక్కుండా మొండికేసింది.

నేను మార్కాపురంలో బట్టల దుకాణంలో పనిచేస్తాను. మూడు వారాలకోసారి సెలవు పెట్టి, ఆమెను ఒంగోలు తీసుకెళ్లి, ఆ మందు సెలైన్‌లో ఎక్కించి తీసుకొస్తాను. ఏడాదిపాటు ఎక్కించాలన్నారు. అందులో సగం కూడా కాలేదు.

"ఇంక నేను రాను. నాకు మాత్రలు ఉండాయి" అని బొడ్లోంచి చిన్న గుడ్డసంచి తీసింది.

చూడగానే గుర్తుపట్టాను. అవి కొమరోలులో ఉండే పోలమ్మ పెద్దమ్మవి. అమ్మకు సొంత అక్క. ఆమెకూ ఇదే జబ్బు వచ్చింది. ఆపరేషన్ తర్వాత రోజుకొక మాత్ర వేసుకుంటూ, బర్రెలు మేపుకుంటూ ఏళ్లుగా లక్షణంగా ఉంది. మొన్న చెల్లెల్ని చూడ్డానికి వచ్చి, తన మాత్రల అట్టల్లో సగం ఇచ్చి పోయిందట.

"ఒక్క కడుపున పుట్టినాం. ఒక్క తావునే గడ్డ లేచింది. మందలో ఒకదానికి రోగమొస్తే అన్నిటికీ అదే మందు తాపుతాం గదా. దానికి పనిచేసింది నాకెందుకు చెయ్యదు?"

నాకు ఒళ్లు మండింది. మందు మానేస్తే గడ్డ మళ్లీ లేస్తుందేమోనని అంతకు మించి భయమేసింది. అరిస్తే వినే మనిషి కాదు. "ఆ మాటేదో డాక్టరమ్మనే అడుగు. ఆమె సరేనంటే నేను మళ్లీ పిలవను" అన్నాను. అడగడం అనేసరికి కొంగు సర్దుకుని లేచింది.

డాక్టరమ్మ మాత్రలు చూసింది. "మంచివే. కానీ మీకు పనిచేయవు."

"అదే, ఎందుకు?" అంటూ అమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది. ఇక ఇప్పట్లో తెమలదనుకున్నాను.

"మీ అక్కగారి గడ్డ ఒంట్లోని ఆడ హార్మోన్ తిని పెరిగే రకం. ఆ తిండి అందకుండా ఈ మాత్ర అడ్డం పడుతుంది. మీ గడ్డకు ఆ తిండితో పనే లేదని పరీక్షలో తేలింది. దాని కణాల మీద హెర్ టూ అనే ప్రొటీన్ మరీ ఎక్కువగా ఉంది. మీకు ఎక్కించే మందు దాన్ని వెతికి పట్టుకుంటుంది."

అమ్మ తన చెవి తమ్మె పట్టుకుని చూపించింది. "మేం గొర్రెల చెవులకు గాటు పెడతాం, ఇంటికొక తీరు. ఒక్క తల్లి ఈనిన పిల్లలైనా, ఒకటి వేరే ఇంటికి పోతే దానికి ఆళ్ల గాటే పడుతుంది. మందలు కలిసిపోతే గాటు చూసి మనయి పట్టుకుంటాం. అట్లాంటిదేనా?"

"దాదాపు అంతే."

"మరి ఆ గాటు నా ఒంట్లో ఇంకెక్కడన్నా ఉందా?"

రాస్తున్న డాక్టరమ్మ తలెత్తింది. "గుండెలో కొంచెం ఉంటుంది. అందుకే ఈ మందుకు కొందరిలో గుండె బలం తగ్గుతుంది. మీకు మధ్యమధ్యలో గుండె స్కాన్ చేసేది అది చూడ్డానికే."

బెదిరిపోతుందనుకున్నాను. ఆమె కళ్లు మెరిశాయి. స్కాన్ గదిలో తెర తనవైపు తిప్పించుకుని, కొట్టుకుంటున్న గుండెను నోరు తెరుచుకుని చూసింది. బాగానే ఉందన్నారు. మందు పెట్టారు.

సెలైన్ చుక్కలు చూస్తూ పడుకున్నదల్లా ఉన్నట్టుండి అంది: "సగం నాకిచ్చింది గదా, మరి అక్క ఏం ఏసుకుంటాంది?"

పెద్దమ్మకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను.

"దినం మార్చి దినం ఏసుకుంటాండా. నిన్న ఏసుకున్యా, మళ్లీ రేపే. చెల్లెలికి సరిపోవాల గదా" అంది పెద్దమ్మ తేలిగ్గా.

జుట్టు ఊడినప్పుడు కూడా ఏడవని అమ్మ అప్పుడు ఏడ్చింది. డాక్టరమ్మను అడిగితే, ఒక్కరోజు కూడా మానకూడదు, ఈరోజు నుంచే వేసుకోమనండి అంది. అదే మాట ఫోన్లో చెప్పాం. పెద్దమ్మ సరే సరే అంది.

మార్కాపురం బస్టాండులో దిగేసరికి పొద్దు వాలింది. మా ఊరి బస్సు కదలబోతోంది. నేను అటు నడిచాను. అమ్మ మాత్రం కొమరోలు పోవాలంటే ఎక్కే గిద్దలూరు బస్సు దగ్గర ఆగింది.

"ఫోన్లో చెప్పినాం గదమ్మా. రేపు పోదాం."

"సరే అంటాది, నాకోసం దాచిపెడతాది. దాని సంగతి నాకు తెలుసు. ఇయ్యి దాని చేతిలో పెట్టి, ఈ పొద్దు మాత్ర అది మింగేది చూసినాకనే నేను ఇంటికి పోయేది" అని, బొడ్లో సంచి తడిమి చూసుకుని బస్సెక్కింది.