మోచేతి ఎత్తు

"అంట్లు తోమడానికి ఇంజనీరింగు చదవాలా అమ్మాయ్?" అని పెళ్ళయిన కొత్తలో మా అత్తగారు నవ్వుతూ అడిగారు. అక్కరలేదు. కానీ ఆ అంట్లు తోమే స్టీలు సింకును తయారు చేయాలంటే చదవాలి, నేను చదివాను. పలుచని రేకును ప్రెస్సు కింద ఉంచి, ఎక్కడా అతుకు లేకుండా లోతైన తొట్టిగా సాగదీయించడం నా ఉద్యోగం. రేకు అంచులను మరీ గట్టిగా నొక్కి పడితే మూల చిరుగుతుంది, వదులుగా పడితే ముడతలు వస్తాయి. ఆ ఒత్తిడి ఎంత ఉండాలో తేల్చేది నేను.

కిందటి నెల కొత్త రకం సింకు ప్రతిదీ మూల దగ్గర చిరిగింది. డిజైను గీసినవారికి మూలలు పెట్టెకున్నట్టు పదునుగా ఉంటేనే అందమట. అంత ఇరుకు వంపులోకి రేకు జారదు, సాగి సాగి తెగుతుంది. నేను పట్టుబట్టి మూలల గుండ్రం పెంచాను, రేకును ఒత్తే అచ్చును, అంటే డైని, మళ్ళీ నునుపు చేయించాను, అంచుల మీద ఒత్తిడి తగ్గించాను. చిరుగులు ఆగాయి. సమావేశంలో మా చీఫ్ ఇంజనీరు ఆ సింకును అందరికీ చూపిస్తూ, "మేడమ్‌కి ఇంటి అనుభవం కలిసొచ్చింది. రోజూ తోముతారు కదా, మూలల బాధ మనకేం తెలుస్తుంది?" అన్నాడు. బల్ల చుట్టూ ఉన్నవారంతా హాయిగా నవ్వారు. నా ఇన్నేళ్ళ చదువూ, ప్రయోగాలూ, పారేసిన రేకులూ కలిపి ఒక్క పీచుముక్క ఖాతాలో జమయ్యాయి. అంత విలువైన అనుభవాన్ని ఆ గదిలోని మగవారిలో ఒక్కరైనా ఎందుకు సంపాదించుకోలేదో ఎవరూ అడగలేదు.

మెచ్చుకోలుగా ఆ సింకునే నాకు బహుమతిగా ఇచ్చారు. మావారు దాన్ని వేలితో తట్టి చూసి, "పోనీలే, ఇక నీ పని సుఖంగా సాగుతుంది" అన్నారు. ఆయన అన్నది ఫ్యాక్టరీలో పని గురించి కాదు.

ఆదివారం మేస్త్రి వచ్చి వంటింట్లో పాత గట్టు పగలగొట్టాడు. అది అత్తగారి ఎత్తుకు కట్టించినది. ఆవిడకంటే జానెడు పొడుగున్న నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి దాని ముందు నడుము వంచే నిలబడ్డాను.

"ఇలా వచ్చి నిలబడండమ్మా. మోచేతి ఎత్తు చూసి కడితే మీకు నడుం నొప్పి ఉండదు," అన్నాడతను టేపు లాగుతూ.

ఈ ఇంట్లో నా నడుము ప్రస్తావన తెచ్చిన మొదటి మనిషి అతనే. అయినా నేను కదలలేదు. ముందు గదిలో పేపరు చదువుకుంటున్న మావారిని పిలిచాను. నేను ఆయన భుజం దాకానే వస్తాను.

"ఏం, మేస్త్రికి టీ ఇవ్వలేదా?" అంటూ వచ్చారు.

"ఇచ్చాను. ఇక్కడ నిలబడి మోచెయ్యి మడవండి."

అలవాటు లేని చోట నిలబడ్డ మనిషిలా అటూ ఇటూ చూసి, మడిచారు.

"ఈయన ఎత్తుకు కట్టండి," అన్నాను.

మేస్త్రి టేపు పట్టుకుని తటపటాయించాడు. "మీకు అందదమ్మా."

"తెలుసు."

మావారి మోచెయ్యి ఇంకా మడిచే ఉంది. "మరి నువ్వెలా తోముతావు?" అన్నారు.

"కొలత రాసుకోండి మేస్త్రీ," అన్నాను.