యీషున్ ఫ్లాట్‌లో ఆరుగురు, నాలుగు మంచాలు

లేనిది ఉన్నట్టు చూపించడమే ఉపేంద్ర ఉద్యోగం. మోసం కాదు లెండి, అందుకే జీతమిస్తారు. యూనివర్సిటీలో అతను చూసే పెద్ద సర్వర్‌లో ఉన్నది రెండు వందల యాభై ఆరు జీబీ మెమరీ. దాని లోపలే విడివిడి కంప్యూటర్లలా నడిచే పది వర్చువల్ మెషీన్లకు తలా నలభై ఇస్తానని మాటిచ్చి కూర్చున్నాడు. అన్నీ ఒకేసారి అడగవని ధీమా. ఊరికే ఉన్నదాని దగ్గర తీసుకుని పనిలో ఉన్నదానికి ఇస్తాడు. అన్నింటికీ కావలసిన ఒకేలాంటి సరుకును ఒక్కచోటే ఉంచి అన్నింటికీ చూపిస్తాడు.

ఈ విద్య అతనికి ఏ కాలేజీ నేర్పలేదు. పన్నెండేళ్ల క్రితం దేశం కాని దేశంలో, యీషున్ అనే పేటలో అద్దెకున్న ఫ్లాట్ నేర్పింది. ఆరుగురు మనుషులు, నాలుగు మంచాలు, ఒకటే కుక్కర్. అందరివీ షిఫ్టు పనులు కాబట్టి ఒకడు లేచిన మంచంలో ఇంకొకడు పడుకునేవాడు. షిప్‌యార్డ్ నుంచి యాకూబ్ వచ్చేసరికి దుప్పటి ఇంకా వెచ్చగానే ఉండేది. ఒక దీపావళికి మాత్రం ఆరుగురికీ సెలవొచ్చింది. మంచాలన్నీ గోడకు నిలబెట్టి, నేలంతా చాపలు పరిచి, "సర్దుకోండ్రా" అంటూ ఒకరి మీద ఒకరు దొర్లారు. ఆనాడు నవ్విన నవ్వు ఉపేంద్ర మళ్లీ నవ్వలేదు.

మంచాల దగ్గర గొడవలు రాకుండా అప్పట్లో అతనొక చిన్న ప్రోగ్రామ్ రాశాడు. రోజూ ఉదయం ఎనిమిదింటికి, ఎవరికి ఏ మంచమో ఆరు ఫోన్లకూ మెసేజ్ వెళ్లేది. తర్వాత ఫ్లాట్ ఖాళీ అయింది, మనుషులు తలో దిక్కూ పోయారు. ఉపేంద్ర దాన్ని ఆపలేదు. ఈ ఉద్యోగంలో చేరాక, పదో మెషీన్‌కు పరీక్ష మెషీన్ అని పేరు పెట్టి అందులో దాచుకున్నాడు. లేని మంచాల వంతులు ఇప్పటికీ రోజూ వెళ్తూనే ఉన్నాయి. ఎవరూ జవాబివ్వరు. చూస్తున్నారా అని అడగడానికి అతనికి భయం. చూడట్లేదని అంటే తట్టుకోలేడు.

ఆ మంగళవారం మెషీన్లన్నీ ఒక్కసారే మెమరీ అడిగాయి. వరంగల్ నుంచి వచ్చి పరిశోధన చేస్తున్న భువన పరుగెత్తుకొచ్చింది.

"అన్నా, నా లెక్క పదకొండు రోజుల సంది నడుస్తుంది. ఇప్పుడు ఆగితే మల్ల మొదటికెల్లి చెయ్యాలె. శుక్రవారం పేపర్ పంపాలె అన్నా!"

ఉపేంద్ర జాబితా చూశాడు. అన్నీ ఇవ్వగలిగింది ఇచ్చేశాయి. ఒక్కటి మాత్రం కదల్లేదు. అది తనదే. ఆ నలభై జీబీ ఎవరూ తీసుకోకూడదని, దాచుకున్న రోజునే తాళం వేశాడు. నిజానికి దాని పనికి ఒక్క జీబీయే ఎక్కువ. ఊరందరికీ సర్దుకోమని చెప్పే పెద్దమనిషి తనదాన్ని మాత్రం భద్రంగా బిగించుకున్నాడు. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి.

తాళం తీస్తే ఆ మెషీన్‌ను డిస్కులో ఒక మూలకు నెట్టేస్తుంది సర్వర్. మళ్లీ లేస్తుందో లేదో చెప్పలేడు. ఆగిపోతే ఆ ఐదుగురికీ తనకూ మధ్య ఇంకేమీ మిగలదు. కానీ భువన ఎదురుగా కళ్లనీళ్లతో నిలబడి ఉంది. యీషున్‌లో అయితే ఎవడూ ఇంతసేపు ఆలోచించేవాడు కాదు. తాళం తీసేశాడు.

"నా లెక్క కదిలింది అన్నా!" అంది భువన ఫోన్‌లో చూసుకుంటూ.

మర్నాడు ఎనిమిదయింది. ఫోన్ మోగలేదు. ఒక నిమిషం, రెండు, మూడు. చంపేశాను అనుకున్నాడు ఉపేంద్ర. ఎదురుగా కాఫీ చల్లారిపోతోంది, తాగబుద్ధి కాలేదు. నాలుగో నిమిషంలో మెసేజ్ వచ్చింది: రెండో మంచం యాకూబ్‌ది.

అది చదివేలోపే ఫోన్ మోగింది. ప్రొద్దుటూరు నుంచి, నాలుగేళ్లుగా మాటలేని యాకూబ్.

"ఏం రా ఉపేంద్రా, ఈ పొద్దు నాలుగు నిమిషాలు లేటాయనే? నా మంచం ఎవునికన్నా ఇచ్చినావా ఏం?"